తిత్తివాద్యం: ఒక విజేత చరిత్ర, ఒక అనామక చరిత్ర

తెలుగులో 'తిత్తి' అన్న మాట చిన్నదే అయినా దాని అర్థవ్యాప్తి చాలా పెద్దది. కమ్మరి కొలిమికి గాలినిచ్చేది కొలిమితిత్తి. మనిషికి ప్రాణాధారమైనది ఊపిరితిత్తి. వేమన కాలం నుండి తత్త్వాలు పాడేవారు ఈ దేహాన్నే తోలుతిత్తితో పోల్చుతూ వచ్చారు. వీథిభాగవతుల వెనుక నిలబడి రాత్రి తెల్లవార్లూ ఆధారశ్రుతిని పట్టిన మేకతోలు వాద్యానికీ పేరు తిత్తే. గాలిని పట్టి ఉంచి, అవసరమైన మేరకు విడిచిపెట్టడమే ఈ అన్నింటి స్వభావం. సంగీతాన్నీ శ్రమనూ ప్రాణాన్నీ ఒకే మాటతో ముడివేసిన ఆ పాతకాలపు చూపు ఎంత లోతైనదో, ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే జీవితాలను పరిశీలిస్తే అర్థమవుతుంది.

ఈ విషయాన్ని ఖరగ్‌పూరు నుండి ప్రారంభించడానికి తగిన కారణం ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ పశ్చిమబెంగాల్‌లోని మేదినీపూర్ ప్రాంతపు ఎర్రమట్టి నేల మీద ఈ పట్టణాన్ని నిర్మించింది. 1893 నుండి 1896 వరకు తూర్పుతీరపు రైలుమార్గం బెజవాడ నుండి కటకం దాకా సాగింది. శతాబ్దం మారేనాటికి అది హౌరాకు వెళ్ళే దారితో కలిసిపోయింది. ఆ దారి వెంబడి శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం సీమల నుండి వేలాది తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూరు చేరాయి. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, కమ్మరులుగా, గ్యాంగ్‌మన్లుగా వారు రైల్వే వర్క్‌షాపుకూ లైన్లకూ తమ కండబలాన్ని ధారపోశారు. 1920ల చివర ఇక్కడి కార్మికోద్యమానికి నాయకత్వం వహించి, తరువాతి కాలంలో రాష్ట్రపతి పీఠాన్ని అలంకరించిన వరాహగిరి వెంకటగిరి గారి పేరు చరిత్రకెక్కింది. 1,072.5 మీటర్ల పొడవైన ఇక్కడి ప్లాట్‌ఫారం దశాబ్దాల పాటు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా ప్రసిద్ధి పొందింది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. ఇన్ని సంగతులకు లెక్కలున్నాయి. కాని ఆ కుటుంబాలు తమతో తెచ్చుకున్న పాటలకూ వాద్యాలకూ, వాటిని మోసిన మనుషుల పేర్లకూ లెక్క ఎక్కడ ఉన్నది?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఒక దూరదేశపు జీవితాన్ని పక్కన పెట్టుకొని చూడడం మేలు. మన తిత్తికి దూరపు బంధువైన స్కాట్లండు బ్యాగ్‌పైపును వాయించి, పోటీలలో గెలిచి, దాని కోసం కొత్త రచనలు చేసి, చిరకీర్తి పొందిన జార్జి స్టూవర్ట్ మెక్లెన్నన్ జీవితం అది.

వాద్యం, దాని స్వభావం

స్కాట్లండు ఉన్నతప్రాంతపు బ్యాగ్‌పైపులో తోలుసంచి ఒకటి, నోటితో గాలి ఊదే గొట్టం ఒకటి, వేళ్ళతో స్వరాలు పలికించే స్వరనాళం ఒకటి, నిరంతరం శ్రుతిని పలికే శ్రుతినాళాలు మూడు ఉంటాయి. సంచిని చంకలో అదిమిపెట్టి గాలి ఒత్తిడిని సమానంగా నిలపడం వాద్యకారుని మొదటి విద్య. ఊపిరి తీసుకొనే సమయంలో కూడా నాదం ఆగదు. స్వరనాళంలో పలికేవి తొమ్మిది స్వరాలు మాత్రమే. నాదాన్ని పెంచడానికీ తగ్గించడానికీ వీలు లేదు. స్వరానికీ స్వరానికీ నడుమ విరామం ఇవ్వడానికి కూడా అవకాశం లేదు. అందువల్ల ఒకే స్వరాన్ని రెండుమార్లు పలికించాలన్నా నడుమ అతి సూక్ష్మమైన వేరొక స్వరాన్ని తాకి రావాలి. ఈ తాకిడి స్వరాలే ఆ సంగీతానికి అలంకారం, వ్యాకరణం కూడా. పరిమితిని సౌందర్యంగా మలచుకొన్న కళ ఇది అనడంలో అతిశయోక్తి లేదు.

వారి శాస్త్రీయ సంగీతానికి పీబ్రోఖ్ అని పేరు. మొదట 'నేల' అన్న అర్థం గల మూలగీతిని నింపాదిగా వాయిస్తారు. ఆపైన అంచెలంచెలుగా అలంకారాలు పెంచుతూ పోయి, చివరకు మళ్ళీ ఆ నేల మీదికే దిగివస్తారు. సంగతుల మీద సంగతులు వేసి పల్లవికి మరలివచ్చే పద్ధతి తెలిసిన మన శ్రోతకు ఇది బొత్తిగా పరాయిది కాదు. లిపికి ఎక్కక ముందు ఈ సంగీతాన్ని గురువు అక్షరాల రూపంలో నోటితో పాడి శిష్యునికి నేర్పేవాడు. మన మృదంగ శిక్షణలోని సొల్లుకట్టులను ఇది తలపిస్తుంది. అయితే అక్కడ అక్షరాలు స్వరాలనూ అలంకారాలనూ సూచిస్తాయి, తాళాన్ని కాదు.

ఈ వాద్యానికి రాజకీయ చరిత్ర కూడా ఉన్నది. 1746లో కల్లోడెన్ యుద్ధంలో ఓడిన పక్షానికి చెందిన జేమ్స్ రీడ్ అనే వాద్యకారుని అదే సంవత్సరం యార్క్ నగరంలో ఉరితీశారు. పైపు లేకుండా ఉన్నతప్రాంతపు దళం కదలదు కనుక అది యుద్ధసాధనమేనని న్యాయస్థానం భావించినట్లు చెబుతారు. ఆ వాద్యాన్నే శతాబ్దం తిరిగేసరికి అదే ప్రభుత్వం తన సైన్యానికి ముందు నడిపించింది. 1854లో ఉన్నతప్రాంతపు పటాలాలకు ఒక పైప్ మేజర్‌నూ ఐదుగురు వాద్యకారులనూ అధికారికంగా మంజూరు చేశారు. శత్రువు గొంతు అనుకొన్నది సామ్రాజ్యపు గొంతుగా మారిన వైచిత్రి ఇది.

విజేత జీవితం

జార్జి మెక్లెన్నన్ 1883 ఫిబ్రవరి 9న ఎడింబరోలో జన్మించాడు. తండ్రి జాన్ మెక్లెన్నన్ పోలీసు శాఖలో ఉద్యోగి. పీబ్రోఖ్ సంగీతాన్ని లోతుగా పరిశోధించి 1907లో గ్రంథం ప్రకటించిన పండితుడు. పసితనంలోనే పోలియో సోకినందువల్ల జార్జికి నాలుగేళ్ళు దాటే వరకు నడక రాలేదు. నడక వచ్చిన ఈడులోనే తండ్రి దగ్గర స్వరాభ్యాసం ప్రారంభించాడు. పదేళ్ళ ప్రాయంలో విక్టోరియా రాణి సమక్షంలో వాయించాడు. ఆ బాలుని ఎదుగుదలలో ఇంటి విద్య ఎంత పాత్ర వహించిందో, బాలుర కోసం కూడా పోటీలు నిర్వహించే సమాజం అంతే పాత్ర వహించింది.

1899లో, పదహారేళ్ళ వయసులో, అతడు గోర్డన్ హైలాండర్ల పటాలంలో చేరాడు. 1905లో మొదటి బెటాలియన్‌కు పైప్ మేజర్ అయ్యాడు. అప్పటికతని వయసు ఇరవై రెండు. ఆ సంవత్సరం ముగిసేలోగానే ఓబన్‌లోనూ ఇన్వర్నెస్‌లోనూ జరిగే రెండు ప్రముఖ పోటీల స్వర్ణపతకాలూ అతనికి దక్కాయి. స్వర్ణపతకం సాధించినవారికి మాత్రమే ప్రవేశం ఉండే పై శ్రేణి పోటీలో కూడా తరువాతి కాలంలో పలుమార్లు విజేతగా నిలిచాడు.

అతడు కేవలం పోటీ వాద్యకారుడే అయి ఉంటే పతకాల పట్టికలో పేరుగా మిగిలేవాడు. రచయిత కావడం వల్ల ఇప్పటికీ వాద్యకారుల వేళ్ళ మీద జీవిస్తున్నాడు. కవాతు గీతాలు, నృత్య గీతాలు అనేకం కూర్చాడు. 'లిటిల్ కాస్కేడ్' అనే రచన కుళాయి నుండి బొట్టుబొట్టుగా రాలే నీటిచప్పుడు విని కట్టినదని వాద్యకారుల లోకంలో ప్రచారంలో ఉన్న కథ. తొమ్మిది స్వరాల ఇరుకులో లయను విరిచి, వంచి, అనుకోని చోట బరువు పెట్టిన ఆ రచన ఆనాటి వారికి వింతగా తోచింది. 'జిగ్ ఆఫ్ స్లర్స్', 'మిసెస్ మెక్‌ఫర్సన్ ఆఫ్ ఇన్వెరాన్' వంటి అతని రచనలను నేటికీ ప్రపంచమంతటా పోటీలలో, కచేరీలలో వాయిస్తున్నారు.

మొదటి ప్రపంచయుద్ధం ఆ తరం వాద్యకారులను కబళించింది. యుద్ధంలో పాల్గొన్న పైపు వాద్యకారులలో సుమారు 500 మంది మరణించారని అంచనా. గురుముఖతః వచ్చిన విద్య ఎంతోమందితో పాటు కందకాలలోనే సమాధి అయింది. మెక్లెన్నన్ ప్రాణాలతో బయటపడ్డాడు గాని 1918లో యుద్ధరంగంలోనే ఊపిరితిత్తుల వ్యాధితో కుప్పకూలాడు. 1922లో సైన్యాన్ని విడిచి అబర్డీన్ నగరంలో బ్యాగ్‌పైపులు తయారుచేసే దుకాణం పెట్టుకొన్నాడు. ఇన్నాళ్ళు వాయించిన చేతులే ఇప్పుడు కొయ్యను తొలిచి వాద్యాన్ని మలిచాయి. 1929లో, నలభై ఆరేళ్ళ వయసులో, ఊపిరితిత్తుల వ్యాధితోనే కన్నుమూశాడు. అతని రచనల సంపుటి ఆ సంవత్సరమే వెలువడింది. ఊపిరిని నాదంగా మార్చిన మనిషి ఊపిరి చాలక వెళ్ళిపోయాడు. కాని అతని పేరు పోలేదు.

పేరు ఎలా నిలిచింది?

ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం ఉన్నది. మెక్లెన్నన్ ప్రతిభావంతుడన్నది నిర్వివాదం. అయితే ప్రతిభ ఒక్కటే పేరును నిలబెట్టదు. అతని వెనుక మూడు వ్యవస్థలు పనిచేశాయి.

మొదటిది జీవనోపాధి. పటాలం అతనికి జీతమిచ్చింది, హోదా ఇచ్చింది, ప్రతి దినమూ సాధన చేసే అవకాశం ఇచ్చింది. రెండవది పోటీ. 1781లో ఫాల్కర్క్‌లో లండన్ హైలాండ్ సొసైటీ నిర్వహించిన తొలి పోటీ నాటి నుండి, ఎవరు ఏమి వాయించారు, ఎవరు గెలిచారు అన్నది పత్రాలకెక్కుతూ వచ్చింది. మూడవది ముద్రణ. స్వరలిపిలో అచ్చయిన గీతం కింద రచయిత పేరు ఉంటుంది. గీతం ఎంత దూరం పోతే పేరు అంత దూరం పోతుంది. 1903లో ఏర్పడిన పీబ్రోఖ్ సొసైటీ పాత రచనలను పరిష్కరించి ప్రకటించింది. 1944లో గ్లాస్గోలో పైపు విద్యాలయం వెలసింది. 1947 నుండి బృందాలకు ప్రపంచ పోటీలు జరుగుతూ వచ్చాయి.

ఈ వ్యవస్థలు నిర్దోషమైనవని భావించరాదు. న్యాయనిర్ణేతలకు నచ్చిన పద్ధతే సరైన పద్ధతి అయినప్పుడు మిగిలిన బాణీలు క్రమంగా మాయమవుతాయి. సొసైటీ ప్రకటించిన పాఠమే పోటీలకు ప్రమాణమైనప్పుడు, కుటుంబ పరంపరలలో వచ్చిన పాఠాంతరాలు మూలపడతాయి. మెక్లెన్నన్ తండ్రి తన గ్రంథంలో వినిపించిన వాదం ఈ కోవకు చెందినదే. పాత వాద్యకారుల నడక వేరనీ, తన కాలపువారు దానిని మార్చివేశారనీ ఆయన అభిప్రాయం. కొడుకు అదే పోటీలలో గెలవడం, తండ్రి ఆ ప్రమాణాలనే ప్రశ్నించడం ఒకే ఇంట జరిగాయి. జీతమిచ్చిన పటాలమే యుద్ధానికి కూడా పంపిందన్న వాస్తవాన్ని కూడా మరువరాదు. పేరుకు చెల్లించిన మూల్యం అది.

భారతదేశానికి వచ్చిన పైపు

మెక్లెన్నన్ చేరడానికి రెండేళ్ళ ముందు అదే పటాలపు మరొక వాద్యకారుడు మన ఉపఖండపు వాయవ్య సరిహద్దులో పేరు పొందాడు. 1897 అక్టోబరు 20న దర్గాయ్ కొండల మీద జరిగిన దాడిలో జార్జి ఫిండ్లేటర్ కాళ్ళకు తూటాలు తగిలి కూలబడి కూడా వాయించడం మానలేదు. అతనికి విక్టోరియా క్రాస్ లభించింది. ఆనాడు అతడు వాయించినది ఏ గీతమన్న దానిపై తరువాత ఎంతో వివాదం సాగింది. పింఛను చాలక అతడు వినోదశాలల వేదికలెక్కినప్పుడు గౌరవానికి భంగమని పెద్దలు అభ్యంతరం తెలిపారు. వీరుని కీర్తించడానికి ముందుకు వచ్చిన సమాజం, అతడు కళను అమ్ముకొని బతుకుతానన్నప్పుడు మొగం చిట్లించింది. కళాకారుని ఆకలి పట్ల అధికారవర్గాల వైఖరికి ఇది పాత ఉదాహరణ. ఆ కొండల మీద ఎదుటి పక్షాన నిలిచిన అఫ్రీదీల పేర్లు మాత్రం ఆ కీర్తిగాథలో కనిపించవు.

ఇదే కాలంలో గూర్ఖా, సిక్కు, పంజాబు, గఢ్వాలు పటాలాలు పైపును స్వీకరించాయి. సెలవు మీద ఊళ్ళకు వెళ్ళిన సైనికుల వెంట అది గఢ్వాలు, కుమావూ కొండలలోకి ప్రవేశించి 'మశక్‌బీన్' పేరుతో పెళ్ళి ఊరేగింపుల వాద్యమైంది. మేరఠ్‌లో దాని తయారీ గృహపరిశ్రమగా వర్ధిల్లింది. సరిహద్దుకు ఆవల సియాల్‌కోట్ ఆ వాద్యాన్ని ప్రపంచానికంతటికీ ఎగుమతి చేసే కేంద్రమైంది. స్వాతంత్ర్యానంతరం మన సైన్యం ఆ వాద్యాన్ని విడువలేదు, దాని పాటలను మార్చుకొన్నది. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్‌చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్ ఉత్సవంలో భారతీయ బాణీల పాలు క్రమంగా పెరిగింది. 2022లో 'అబైడ్ విత్ మీ' గీతాన్ని కార్యక్రమం నుండి తొలగించారు. వాద్యం పరాయిదైనా పలుకు మనది కావచ్చునని ఈ చరిత్ర నిరూపించింది.

మన తిత్తి

విదేశీ తిత్తివాద్యం ఇలా సైన్యం అండతో దేశమంతటా వ్యాపించిన కాలంలోనే మన తిత్తి మౌనం వహించడం విచారకరం. మేకతోలును చీలకుండా ఒలిచి, శుభ్రపరచి, కాళ్ళ సందులు కట్టి, ఒకచోట ఊదే గొట్టాన్నీ మరొకచోట రెల్లుపీక అమర్చిన శ్రుతిగొట్టాన్నీ బిగించిన సాధారణ వాద్యం అది. దక్షిణాదిని శ్రుతి ఉపాంగమనే పేరుతో కూడా ఇటువంటి వాద్యం ప్రసిద్ధం. దానికి స్వరనాళం లేదు. కథ చెప్పదు, పాట పాడదు. యక్షగానంలో, వీథిభాగవతంలో పాత్రధారికీ గాయకునికీ కాలు నిలదొక్కుకొనే నేలగా ఉండడమే దాని పని. పీబ్రోఖ్‌లో మూలగీతిని 'నేల' అన్నారని పైన చెప్పుకొన్నాం. మన తిత్తి అక్షరాలా ఆ నేలే. నేల మీద నడిచేవానిని చూస్తారు గాని, నేలను చూసేవారెవరు?

పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాలలో నాటక సమాజాలతో పాటు హార్మోనియం వచ్చింది. అది శ్రుతినీ ఇచ్చింది, స్వరాన్నీ ఇచ్చింది. ఒక మనిషి కూలి మిగిలింది. ఆ తరువాత 1970ల చివర ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె బయలుదేరింది. ఇక తోలును తడిపి, పీకను సవరించి, రాత్రంతా ఊపిరి పోసే మనిషి అవసరం లేకపోయింది. ఏ ఆజ్ఞతోనూ ఎవరూ తిత్తిని నిషేధించలేదు. జేమ్స్ రీడ్‌ను ఉరితీసినట్లు తిత్తివానిని ఎవరూ ఉరితీయలేదు. అతనిని పిలవడం మానివేశారు, అంతే.

వాయువాద్యాలన్నీ ఇలా అనామకమైనవని కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించి 1999లో పరమపదించిన షేక్ చినమౌలానా సాహెబు గారి నాదస్వరాన్ని లోకమంతా గౌరవించింది. సభలు, ఆకాశవాణి, ధ్వనిముద్రణ, ప్రభుత్వ పురస్కారాలు, శిష్యపరంపర ఆయన పేరును పదిలపరచాయి. మెక్లెన్నన్ వెనుక నిలిచిన వ్యవస్థలకు మనవైన రూపాలవి. తిత్తివానికి ఇందులో ఏ ఒక్కటీ దక్కలేదు. అతనికి పోటీ లేదు, పతకం లేదు, అచ్చులో పేరు లేదు. పాత్రధారి పేరు, భాగవతుల ఇంటిపేరు, కవి పేరు మిగిలాయి. శ్రుతి పట్టినవాని పేరు మిగలలేదు.

కర్తవ్యం

ఈ పోలిక ఉద్దేశం పరదేశాన్ని పొగిడి స్వదేశాన్ని కించపరచడం కాదు. మన కళారూపాలను నమోదు చేసే కృషి జరగకపోలేదు. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం, వరంగల్లులోని దాని జానపద గిరిజన విజ్ఞాన పీఠం చేసిన సేవ విలువైనది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి 'తెలుగువారి జానపద కళారూపాలు' అన్న బృహద్గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయమే 1992లో ప్రకటించింది. అయితే మన నమోదులలో కళారూపం పేరు ఉంటుంది, కళాకారుల పేర్లు తక్కువ. వాద్యం కొలతలు ఉంటాయి, దానిని మోసిన భుజం ఉండదు. ప్రదర్శనశాల అద్దాల పెట్టెలో ఎండిపోయిన తోలుసంచిని చూసి సంగీతాన్ని ఊహించుకోవడం సాధ్యం కాదు. గాలి లేని తిత్తి తోలు మాత్రమే.

ప్రవాసాంధ్ర పట్టణాల విషయంలో ఈ కొరత మరింత ఎక్కువ. రాష్ట్రంలోని సంస్థలు రాష్ట్రపు సరిహద్దు దగ్గర ఆగుతాయి. అక్కడి ప్రభుత్వానికి ఇక్కడి భాష తెలియదు. ఈ నడుమ ఖాళీలో ఖరగ్‌పూరు వంటి ఊళ్ళ జ్ఞాపకాలు జారిపోతున్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తి కల్పించడానికి ఆమోదం తెలపడం హర్షణీయం. దాని వెనుక ఖరగ్‌పూరు తెలుగువారి చిరకాల వాంఛ ఉన్నది. కాని భాషకు ప్రతిపత్తి అంటే కార్యాలయంలో దరఖాస్తు పత్రం మాత్రమే కాదు. ఆ భాషలో జీవించినవారి పాట, వాద్యం, పండుగ, పేరు కూడా అందులో భాగాలే.

చేయవలసినది బ్రహ్మవిద్య కాదు. రైల్వే కాలనీలలో మిగిలిన వృద్ధులను కూర్చోబెట్టి, వారు ఏ ఊరి నుండి వచ్చారో, పండుగనాడు ఎవరు వాయించేవారో, ఆ మనిషి ఎవరి కొడుకో, ఎవరి దగ్గర నేర్చాడో అడిగి వ్రాసుకోవాలి. వారు వదిలి వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో కూడా అదే ప్రశ్నలు అడగాలి. రెండు జాబితాలనూ కలిపి చూడాలి. తిత్తి కట్టడం తెలిసిన చేయి ఎక్కడైనా ఉంటే, ఆ పనిని మొదటి నుండి చివరి వరకు చిత్రీకరించాలి. జానపదోత్సవాలలో పాత్రధారులతో పాటు శ్రుతి పట్టినవారి పేరును కూడా వేదిక మీద చదవాలి. పోటీ పెట్టి ఒకే బాణీని ప్రమాణం చేసే తొందర మనకు అక్కరలేదు. స్కాట్లండు అనుభవం ఆ హెచ్చరిక కూడా చేస్తున్నది. పేరు వ్రాసుకోవడానికి మాత్రం పతకం అవసరం లేదు.

అబర్డీన్‌లో పైపులు మలిచి మరణించిన మెక్లెన్నన్‌కూ, ఏ పల్లెలోనో భాగవతం ముగిసిన తెల్లవారుజామున తిత్తిలోని గాలి వదిలి ఇంటిదారి పట్టిన మన పేరు తెలియని కళాకారునికీ ఊపిరి ఒక్కటే. ఒకని ఊపిరి కాగితం మీద నిలిచింది. మరొకనిది గాలిలో కలిసింది. రెండవవాని పేరును వెదకి పట్టుకొనే సమయం ఇంకా కొద్దిగా మిగిలి ఉన్నది. అది ఎక్కువ కాలం ఉండదు.